బాబ్ జేమ్స్ 'వన్'ని హోటల్ లాంజ్‌లో నలుగురం వాయించాం: ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఒక హోటల్ లాంజ్‌లో వారాంతాల్లో వాయించే పని మా నలుగురికి వచ్చింది. మేనేజర్ గారు చెప్పింది చాలా క్లియర్‌గా ఉంది: "సాఫ్ట్‌గా ఉండాలి సర్, తింటూ మాట్లాడుకునేవాళ్లకి అడ్డం రాకూడదు, సినిమా పాటలు వద్దు, అలాగని నిద్ర కూడా రాకూడదు." ఇలా అడిగితే చాలామంది ఏం చేస్తారంటే, తెలిసిన పాటలన్నీ కాస్త నెమ్మదిగా, ఎలక్ట్రిక్ పియానో టోన్‌లో, కింద ఒక లూప్ పెట్టుకుని వాయించేస్తారు. డబ్బులొస్తాయి, ఎవరూ ఏమీ అనరు. మాకు అది వద్దనిపించింది. ఒక ఆల్బం తీసుకుని, దాన్ని విప్పి చూసి, అందులో మాకు చేతనైనంత తెచ్చి అక్కడ పెడదామన్నాను. జాజ్ కీబోర్డిస్ట్ బాబ్ జేమ్స్ 1974లో చేసిన 'వన్' తీసుకున్నాం. నేను కీబోర్డ్, మిగతా ముగ్గురూ బేస్, డ్రమ్స్, పర్కషన్. ఏం చేశాం, ఏది పనిచేసింది, ఏది వదిలేశాం అన్నది కింద రాస్తున్నాను. ఇలాంటి పని దొరికిన కీబోర్డ్ వాళ్లకి పనికొస్తుందని నా ఆశ.

ముందు ఆల్బం గురించి. బాబ్ జేమ్స్ అమెరికాలోని మిస్సోరీలో పుట్టాడు, మిషిగన్ యూనివర్సిటీలో సంగీతం చదివాడు. 60ల్లో కొన్నేళ్లు గాయని సారా వాన్‌కి మ్యూజిక్ డైరెక్టర్‌గా ఉన్నాడు. 70ల మొదట్లో క్రీడ్ టేలర్ నడిపే సీటీఐ అనే రికార్డు కంపెనీకి అరేంజర్‌గా, అంటే ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలో కూర్చేవాడిగా పనిచేస్తూ, అక్కడే తన పేరు మీద ఈ ఆల్బం చేశాడు. అరేంజర్ అన్నది గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ అక్కడే ఉంది. రికార్డింగ్ న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో జరిగింది. గుడి మండపంలా ఎత్తయిన చెక్క కప్పున్న గది అది. (ఆ వాన్ గెల్డర్ చాలా ఏళ్లు పగలు కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్‌గా ఉద్యోగం చేస్తూ, మిగతా టైమ్‌లో జాజ్ చరిత్ర రికార్డ్ చేశాడు. సైడ్ బిజినెస్ అంటే అదీ.)

ఇలా మెత్తగా, హాయిగా సాగే జాజ్‌కి అప్పటికి 'స్మూత్ జాజ్' అన్న లేబులే లేదు. లాస్ ఏంజెలెస్‌లో 'ది వేవ్' లాంటి రేడియో స్టేషన్లు 1987 నుంచి ఈ తరహా సంగీతాన్ని రోజంతా వేయడం మొదలుపెట్టాక, ఆ పేరు స్థిరపడింది. ఆ తర్వాత వచ్చిన సరుకులో చాలా భాగం నిజంగానే లిఫ్టులో వినిపించే బాపతు, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ చెట్టుకి వేరు ఎక్కడుందో చూస్తే ఇలాంటి సీటీఐ రికార్డులే కనిపిస్తాయి, ఆ వేరు మాత్రం గట్టిది.

ఆల్బంలో ఉన్నవి ఆరే. వాటిలో రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 'నైట్ ఆన్ బాల్డ్ మౌంటెన్'ని తిరగరాసిన ట్రాక్ ఒకటి, పాఖెల్‌బెల్ కానన్‌ని ఆధారం చేసుకున్న 'ఇన్ ద గార్డెన్' ఒకటి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద ఇంత మోజు ఎందుకంటే, అంతకుముందే 1973లో అదే సీటీఐలో డియోడాటో చేసిన రిచర్డ్ స్ట్రాస్ అరేంజ్‌మెంట్ పాప్ చార్టుల్లోకి దూసుకెళ్లింది. ఆ ఊపు ఇక్కడా కనిపిస్తుంది. ఎల్పీ రెండో వైపు 'ఫీల్ లైక్ మేకింగ్ లవ్' ఉంది, ఆ వైపు చిట్టచివర 'నాటిలస్'.

మొదటి రిహార్సల్ ముందు ఆల్బం నలుగురం కలిసి విన్నాం. అయ్యాక మా బేస్ ప్లేయర్ అన్న మాట: "అన్నా, ఇది నీ ఆల్బమా నా ఆల్బమా?"

వాడన్నది నూటికి నూరు పాళ్లు నిజం. కవర్ మీద పేరు కీబోర్డిస్ట్‌ది, కానీ 'నాటిలస్' విన్నవాడెవడైనా తర్వాత కూనిరాగం తీసేది గ్యారీ కింగ్ వాయించిన బేస్ లైనే. మొదట్లో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు మసక శబ్దాలు, కాసేపటికి ఆ బేస్ వచ్చి కూర్చుంటుంది, ఇక కదలదు. దాని మీద ఇద్రిస్ ముహమ్మద్ డ్రమ్స్. ఈయన న్యూ ఆర్లీన్స్ మనిషి, ఆ ఊరి వీధి బ్యాండ్ల నడక చేతుల్లో ఉన్నవాడు. గట్టిగా కొట్టకపోయినా శరీరం ఊగుతుంది. కీబోర్డ్ మధ్యమధ్యలో వచ్చి ఒక మాట చెప్పి వెళ్లిపోతుంది. 'ఇన్ ద గార్డెన్' సంగతీ అంతే. పాఖెల్‌బెల్ కానన్ అంటేనే ఎనిమిది స్వరాల బేస్ మొదటి నుంచి చివరిదాకా తిరుగుతూ ఉండటం, మిగతాదంతా దాని మీద కట్టిన మేడ. అంటే ఈ ఆల్బంలో శాస్త్రీయం నుంచి తెచ్చిన ట్రాకూ, సొంతంగా రాసిన ట్రాకూ ఒకే సూత్రం మీద నడుస్తున్నాయి: కింద తిరిగే బేస్ పాడుతుంది, పైనున్నవాళ్లు దానికి చోటిస్తారు.

ఇది మా నలుగురిలో అందరికంటే నాకే కష్టం. మన ఆర్కెస్ట్రాల్లో కీబోర్డ్ ప్లేయర్ అంటే ఒక్కడే పదిమంది. కుడిచేత్తో ఫ్లూట్ బిట్, ఎడమచేత్తో స్ట్రింగ్స్, మధ్యలో ప్యాచ్ మార్చి బ్రాస్, బేస్ వాడు రాకపోతే అదీ మనమే. గాయకుడు ఊపిరి పీల్చుకునే సందులో ఒక బిట్ వేయకపోతే 'ఏంటి, ఖాళీగా వదిలేశావ్' అని అడుగుతారు. ఏళ్ల తరబడి అలా వాయించిన చేతులకి ఖాళీ కనిపిస్తే దురద. ఈ ఆల్బంలో ఆ ఖాళీకే విలువ.

అందుకని ముందు నా ఎడమచేతి సంగతి తేల్చాలనుకున్నాం. రూలు ఇది: మధ్య 'సి'కి కింద ఆరేడు స్వరాలు దాటి కిందికి వెళ్లకూడదు, కార్డ్‌లో (కలిపి నొక్కే స్వరాల గుంపులో) షడ్జమం, అంటే మూల స్వరం, వాయించకూడదు. షడ్జమం బేస్ వాడిది. మైనర్ కార్డ్ అయితే నాకు మిగిలేది సాధారణ గాంధారం, కైశికి నిషాదం, పైన చతుశ్రుతి రిషభం, అంతే మూడు స్వరాలు. ఒంటరిగా వింటే ఈ మూడూ గాల్లో వేలాడుతున్నట్టుంటాయి, ఏ కార్డో కూడా తెలియదు. కింద బేస్ వచ్చి షడ్జమం పెట్టగానే నిండుగా అయిపోతుంది. ఇది కొత్త సంగతేం కాదు, ఏ జాజ్ పుస్తకం తెరిచినా ఉంటుంది, కానీ చదవడం వేరు, రెండు గంటల సెట్ అంతా ఎడమచేతిని కట్టేసుకోవడం వేరు. మా పర్కషన్ ఆయన పక్కనే కూర్చునేవారు, నా చెయ్యి కిందికి జారితే షేకర్‌తో మోచేతి మీద ఒకటి తగిలించేవారు.

టోన్ దగ్గర చాలాసేపు ఆగాం. ఆ రికార్డులో వినిపించే ఎలక్ట్రిక్ పియానో ఫెండర్ రోడ్స్. అసలు యంత్రం లోపల ఏముందో తెలిస్తే తప్ప దాని నకలు టోన్‌ని సరిగ్గా వాడలేం కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. మీట నొక్కితే చిన్న సుత్తి వెళ్లి ఒక సన్నటి ఉక్కు పుల్లని కొడుతుంది. ఆ పుల్లతో పాటు పైనున్న బరువైన లోహపు పట్టీ కూడా కంపిస్తుంది. పుల్ల కొస ఎదురుగా గిటార్‌కి ఉన్నట్టే ఒక మాగ్నెటిక్ పికప్. నెమ్మదిగా నొక్కితే పుల్ల కాస్తే ఊగుతుంది, గుడిగంట దూరం నుంచి మోగినట్టు స్వచ్ఛమైన నాదం. గట్టిగా నొక్కితే పుల్ల పికప్ ముందు నుంచి ఎక్కువ దూరం అటూ ఇటూ పోయి నాదం విరుగుతుంది, కుక్క చిన్నగా మొరిగినట్టు ఒక గరుకు వస్తుంది. వాయించేవాళ్లు దాన్ని 'బార్క్' అంటారు. అంటే రోడ్స్‌లో బలం మారితే శబ్దం పెరగడంతో ఆగదు, గొంతే మారిపోతుంది.

అసలు రోడ్స్ మేం తేలేదు. 73 మీటల మోడల్ ఒక్కటే అరవై కిలోల దాకా ఉంటుంది, సర్వీస్ లిఫ్టులో దాన్ని ఎక్కించే ఓపిక ఎవరికీ లేదు. స్టేజ్ కీబోర్డ్‌లో ఉన్న శాంపిల్‌తోనే, అంటే రికార్డ్ చేసి పెట్టిన రోడ్స్ శబ్దంతోనే కానిచ్చాం. లాంజ్ కాబట్టి అందరూ చేసే పని మెత్తగా వాయించడం. అలా చేస్తే గంట మిగులుతుంది, బార్క్ పోతుంది, నాటిలస్ కాస్తా జోలపాట అవుతుంది. మేం తిప్పి చేశాం. చేతి బలం రికార్డులో వినిపించినంతే ఉంచాం, యాంప్ వాల్యూమ్ మాత్రం తగ్గించాం. రూమ్‌లో శబ్దం తక్కువే, గొంతు మాత్రం ఉన్నది ఉన్నట్టే. ఈ ఒక్క మార్పు మిగతా అన్నిటికంటే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

తర్వాత ట్రెమెలో గొడవ. రోడ్స్ సూట్‌కేస్ మోడల్‌లో శబ్దం ఎడమ స్పీకర్ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి ఊగుతూ ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఒళ్లు జలదరిస్తుంది. హోటల్ వాళ్ల సీలింగ్ స్పీకర్లు మాత్రం అన్నీ మోనో, అంటే ఎడమ కుడి తేడా లేకుండా అన్నిట్లో ఒకే శబ్దం. స్టీరియో ఊగుడిని మోనోలో కలిపితే ఎడమ తగ్గినంత కుడి పెరుగుతుంది, రెండూ కలిసి సమానమైపోతాయి, ఊగుడే మాయం. సౌండ్ చెక్‌లో హోటల్ ఆడియో కుర్రాడు "ఎఫెక్ట్ ఆన్ చేశారా సర్?" అని అడిగాడు, ఆన్‌లోనే ఉంది. ఎడమ కుడి ఊగుడు (ప్యానింగ్) బదులు మొత్తం శబ్దమే పెరుగుతూ తగ్గే మోనో ట్రెమెలో పెట్టుకున్నాం, వేగం బాగా తగ్గించాం. రికార్డులో ఉన్నది కాదది, కానీ నీళ్ల మీద తేలుతున్న భావం కొంత వచ్చింది. మోనో సిస్టమ్ ఉన్న ఏ హాల్లోనైనా ఇది ముందే చూసుకోండి, మన ఊళ్లో పెళ్లి హాళ్లలో సగం మోనోయే.

ఆ సీలింగ్ స్పీకర్లతోనే ఇంకో ఇబ్బంది ఉంది. అవి అరచేయంత ఉంటాయి, కింది స్వరాలు (లో ఎండ్) పలకవు. పాడేది బేస్ అయినప్పుడు బేస్ వినపడకపోతే ఇక మిగిలేదేంటి? బేస్ క్యాబినెట్ తెచ్చి నేల మీద మా కాళ్ల దగ్గరే పెట్టాం, సీలింగ్‌కి అసలు పంపలేదు. మేనేజర్ గారికి మొదట టెన్షన్ వచ్చింది, పక్క టేబుల్ వాళ్ల గ్లాసులు అదురుతాయేమోనని. ఒకసారి నడిచి చూడమన్నాం. నాలుగడుగుల దూరంలో కూడా మామూలుగా మాట్లాడుకోవచ్చు. మనుషుల మాటల శ్రుతి కంటే బేస్ శ్రుతి చాలా కింద ఉంటుంది, మాటకి నిజంగా అడ్డొచ్చేది కీబోర్డ్, డ్రమ్స్‌లోని స్నేర్, సింబల్. అంటే బేస్‌ని పాడనిచ్చి నేను తగ్గడం సంగీతపరంగానే కాదు, మేనేజర్ గారి షరతుకి కూడా సరిగ్గా సరిపోయింది!

డ్రమ్స్‌కి బ్రష్‌లు వాడమని అందరూ చెప్తారు. మా డ్రమ్మర్ ఒప్పుకోలేదు. బ్రష్‌తో ఆ స్నేర్ దెబ్బ పరుచుకుపోతుంది, ఇద్రిస్ ముహమ్మద్ నడకలో ఉన్న బిగువు పోతుందన్నాడు. సన్నపు స్టిక్స్ తీసుకుని, స్నేర్ మీద హోటల్ వాళ్ల మందపాటి నాప్‌కిన్ సగం పరిచాడు. దెబ్బ పొట్టిగా, పొడిగా, 70ల రికార్డుల్లో ఉన్నట్టే వచ్చింది. నాప్‌కిన్ ఖర్చు బిల్లులో వేయలేదు.

'ఫీల్ లైక్ మేకింగ్ లవ్' గురించి కాస్త. ఇది యూజీన్ మెక్‌డానియల్స్ రాసిన పాట. రాబర్టా ఫ్లాక్ పాడగా 1974 ఆగస్టులో అమెరికా పాప్ చార్టులో ఒకటో నంబర్‌కి వెళ్లింది. ఆమె రికార్డింగ్‌లో కీబోర్డ్ వాయించిందీ బాబ్ జేమ్సే. గ్యారీ కింగ్, ఇద్రిస్ ముహమ్మద్, పర్కషన్‌లో రాల్ఫ్ మెక్‌డొనాల్డ్, అక్కడా వాళ్లే, ఇక్కడా వాళ్లే. ఒకే బృందం, ఒకే పాట, ఒకటి గొంతుతో, ఒకటి గొంతు లేకుండా. కేస్ స్టడీకి ఇంతకంటే మంచి జోడీ ఎక్కడ దొరుకుతుంది! రెండూ పక్కపక్కన పెట్టి వింటే, పాడిన లైన్‌ని కీబోర్డ్ మీద ఎలా పెట్టాలో అర్థమవుతుంది. గొంతుకి గమకం ఉంది, ఒక స్వరం నుంచి ఇంకో దానికి జారగలదు. రోడ్స్‌కి ఆ జారుడు లేదు. దానికి బదులు బీట్‌కి కాస్త వెనక పడి, స్వరాన్ని ఆలస్యంగా పెట్టడం ఉంది. వీణ మీద సాహిత్యం పలికించేవాళ్లు ఎక్కడ మీటాలి, ఎక్కడ మీటకుండా లాగాలి అని చూసుకుంటారే, ఇక్కడ లాగడం లేదు కాబట్టి ఎక్కడ మీటాలి అన్నదే మొత్తం వ్యవహారం. పిచ్ బెండ్ చక్రం తిప్పడానికి చెయ్యి వెళ్తుంది, వెళ్లనివ్వకండి. ఆ చక్రం తిప్పారంటే అది మన రిసెప్షన్ ఆర్కెస్ట్రా అయిపోతుంది.

వదిలేసినవి కూడా చెప్పాలి. 'నైట్ ఆన్ బాల్డ్ మౌంటెన్' వదిలేశాం. రికార్డులో స్టీవ్ గాడ్ వాయించిన డ్రమ్స్ దానికి ప్రాణం, దాన్ని అన్నం తినేవాళ్ల పక్కన వాయిస్తే మా కాంట్రాక్ట్ ఆ రాత్రే ముగిసేది. బ్రాస్, స్ట్రింగ్స్ మీద ఆధారపడ్డ 'వ్యాలీ ఆఫ్ ద షాడోస్' కూడా నలుగురితో కాదు. గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ సోప్రానో శాక్సోఫోన్ ఉన్న చోట్లు వదిలేశాం, శాక్స్ ప్యాచ్‌తో కీబోర్డ్ మీద శాక్స్ వాయించడం అనే పాపం నేను చేయను. మిగిలినవాటిని మామూలు జాజ్ స్టాండర్డ్‌లతో కలిపి సెట్ కట్టుకున్నాం, నాటిలస్ మాత్రం రాత్రికి రెండుసార్లు.

ఫలితం. ఎవరూ తల తిప్పి చూడలేదు, అంటే షరతు నెగ్గాం. కాళ్లు మాత్రం కదిలాయి, బల్ల కింద చెప్పుల కొసలు తాళం వేయడం మా చోటు నుంచి బాగా కనిపిస్తుంది. ఒక రాత్రి నాటిలస్ అయ్యాక ఒక కుర్రాడు లేచి వచ్చాడు, ఐటీ ఉద్యోగి అనుకుంటా. "బ్రో, మీరు స్లిక్ రిక్ ట్రాక్ వాయించారు కదా?" అన్నాడు. వాడికి బాబ్ జేమ్స్ పేరే తెలియదు. తప్పు వాడిది కాదు. 1988లో ర్యాపర్ స్లిక్ రిక్ 'చిల్డ్రన్స్ స్టోరీ', ఎరిక్ బీ అండ్ రకీమ్ 'ఫాలో ద లీడర్', తర్వాత 1996లో గోస్ట్‌ఫేస్ కిల్లా 'డేటోనా 500', ఇలా ఎన్నో హిప్ హాప్ ట్రాకులు ఈ నాటిలస్ ముక్కల మీదే లేచాయి.

ఎందుకు ఇదే? నేను వాయించాక నాకు తోచిన కారణం చెబుతాను. ఎల్పీలో ఒక వైపు చివరి ట్రాక్ అంటే గాడి లోపలి వలయంలో ఉంటుంది, అక్కడ సూది వేగం తక్కువ, నాణ్యతా తగ్గుతుంది. కంపెనీలు నమ్మకం ఉన్న పాటని అక్కడ పెట్టవు. అంటే నాటిలస్ మీద ఎవరికీ పెద్ద ఆశలు లేవన్నమాట, దాన్ని నింపడానికి ఎవరూ తొందరపడలేదు, అందుకే గాలి ఆడుతూ మిగిలింది. పదమూడు పద్నాలుగేళ్ల తర్వాత న్యూయార్క్ కుర్రాళ్ల చేతికి ఎస్పీ-1200 లాంటి శాంప్లర్లు, అంటే పాత రికార్డుల ముక్కలు దాచుకుని మళ్లీ మళ్లీ మోగించే మెషీన్లు వచ్చాయి. ఆ మెషీన్ మొత్తం మెమరీ పది సెకన్లు. ఆ పది సెకన్లలో తనంతట తాను నిలబడే ముక్క కావాలి: బేస్ ఉండాలి, డ్రమ్స్ ఉండాలి, మధ్యలో ఒక మనిషి మాట్లాడటానికి ఖాళీ ఉండాలి. కీబోర్డిస్ట్ అడుగడుగునా బిట్లు వేసి ఉంటే ర్యాపర్ మాట ఎక్కడ పడుతుంది? లాంజ్‌లో మాట్లాడుకునేవాళ్లకి అడ్డం రాకపోవడానికీ, ర్యాపర్‌కి అడ్డం రాకపోవడానికీ కారణం ఒకటే. ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాను, వాడు ఫోన్‌లో అక్కడికక్కడే ఆల్బం వెతుక్కున్నాడు.

ఖాళీ ఉంచడం అంటే ఏమీ చేయకపోవడం అని మాత్రం అనుకోకండి. మాలో ఒకరు ఏదో రాత్రి అలసటగా ఉంటే, మిగతా సెట్‌లో తేడా తెలియదు, నాటిలస్‌లో మాత్రం వెంటనే తెలిసిపోతుంది. కప్పడానికి ఏమీ లేదు కదా.

ఇప్పుడు తర్వాతి ఆల్బం 'టూ' మీద పడ్డాం, 1975ది. అందులో పాల్ సైమన్ పాట 'టేక్ మీ టు ద మార్డీ గ్రా'కి బాబ్ జేమ్స్ చేసిన వెర్షన్ ఉంది. దాని మొదట్లో వచ్చే గంటల శబ్దాన్నే 1986లో హిప్ హాప్ బృందం రన్ డీఎంసీ వాళ్లు 'పీటర్ పైపర్'కి తీసుకున్నారు. మా పర్కషన్ ఆయన ఎక్కడెక్కడో వెతికి రెండు శ్రుతుల గంటలు పట్టుకొచ్చారు, రిహార్సల్‌లో అదిరిపోయింది. మేనేజర్ గారు ఒక్కసారి విని చెయ్యెత్తారు: "బాగుంది సర్, కానీ గంట మోగిన ప్రతిసారీ మా వెయిటర్లు ఆర్డర్ రెడీ అనుకుని కిచెన్ వైపు పరిగెడుతున్నారు." గంటలకి గుడ్డ చుట్టాలా, టైమింగ్ మార్చి కిచెన్ మూసేశాక వాయించాలా అన్నది ఇంకా తేలలేదు.